"80 ఎక్కడ?": గోపాల్‌పూర్‌లో కూల్చేముందు కొలిచిన ఒక రంగం గొడౌను

ఒడిశాలోని బరంపురంలో మా ఆఫీసుకి ఆ ఫోన్ సోమవారం పొద్దున్నే వచ్చింది. "గోపాల్‌పూర్‌లో మా పాత గొడౌను అమ్మేశాం సార్. కొన్నవాళ్ళు హోటల్ కడతారట. సరిగ్గా పదకొండు రోజులు టైముంది. మీరు పాత ఇళ్ళకి బొమ్మలు గీస్తారని విన్నాం. వచ్చి గీసుకోండి, మాకేం అభ్యంతరం లేదు. పని ఆపమని మాత్రం అనకండి."

ఆపమని అడిగే ఉద్దేశం నాకూ లేదు. 1958 నాటి కేంద్ర పురావస్తు చట్టం కింద రక్షణ రావాలంటే కట్టడానికి నూరేళ్ళు నిండితే చాలదు, ప్రభుత్వం దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించాలి. ఊళ్ళో నూరేళ్ళు దాటిన ప్రతి గోడకూ అది జరగదు. ఇది ముగ్గురు అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి, పై కప్పు కారుతోంది, ఇనుప దూలాలు తుప్పుపట్టి గోడలు పగిలాయి. అమ్ముకోవడం వాళ్ళ హక్కు. నా చేతిలో ఉన్న పని ఒక్కటే: పడిపోయేలోపు దాన్ని కాగితం మీదికి తేవడం. యజమానులు పేర్లు వద్దన్నారు కాబట్టి ఇక్కడా రాయడం లేదు.

మా చిన్నప్పుడు ఇచ్ఛాపురంలో ఎవరైనా బర్మా అంటే పెద్దవాళ్ళకి అర్థమయ్యేది కాదు. "రంగం" అనాలి. రంగూన్‌ని మావాళ్ళు అలాగే అనేవాళ్ళు. రంగం వెళ్ళాడు, రంగం నుంచి డబ్బు పంపాడు, రంగం టేకుతో ఇల్లు కట్టాడు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్టీమర్లు ఈ తీరానికీ రంగూన్‌కీ తిరుగుతూ గోపాల్‌పూర్, బారువ, కళింగపట్నం, భీమునిపట్నం లాంటి రేవుల దగ్గర ఆగేవి. కూలి పనికి అక్కడికి చేరిన తెలుగువాళ్ళని బర్మాలో "కోరంగీ" అని పిలిచేవాళ్ళు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక ఆ రాకపోకలు దెబ్బతిన్నాయి, వేలమంది అడవుల దారిన కాలినడకన తిరిగొచ్చారు. గోపాల్‌పూర్‌కి ఆ రంగం స్టీమర్ల రోజులు మళ్ళీ పాతలాగా రాలేదు. ఇసుకలో జెట్టీ స్తంభాలు, సందుల్లో ఇలాంటి గొడౌన్లు మిగిలాయి. లైట్‌హౌస్ వైపు పోయే ఒక సందులో ఉన్న ఈ కట్టడాన్ని చుట్టుపక్కలవాళ్ళు "రంగం గొడౌను" అనేవారు. చూడ్డానికి గొడౌనులా ఉండదు. వరసగా నాలుగు గదులు, రెండు పక్కలా వసారాలు, కిటికీలకి ఆకుపచ్చ రెక్కలు. ఎవరైనా బంగళా అనే అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం, దాని ఫలితం కింద చెబుతాను.

పనికి దిగింది అయిదుగురం. నేను, సివిల్ డిప్లొమా చదివే ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, ఫొటోలు తీసే కుర్రాడు, అయిదో రోజు నుంచి ఒక పెద్ద తాపీమేస్త్రి.

ఏ స్థాయి రికార్డు చెయ్యాలన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. లేకపోతే అన్నీ సగం సగం అవుతాయి. ఇంగ్లండులో హిస్టారిక్ ఇంగ్లండ్ అనే సంస్థ ఈ పనిని నాలుగు స్థాయిలుగా విడదీసింది. మొదటిది చూసి రాసుకునే మోటు రికార్డు. నాలుగోది కట్టడం గురించి దొరికేదంతా తవ్వి, దాన్ని మిగతా కట్టడాలతో పోల్చి చూసేది. మూడోదానిలో కొలతల డ్రాయింగులతో పాటు ఏ భాగం ముందు కట్టారు, ఏది తర్వాత అన్న విశ్లేషణ ఉంటుంది. మాకున్న పదకొండు రోజులకి మూడో స్థాయి అందుతుందనుకున్నాం. ముందుభాగానికి అందింది. వెనక వంటిళ్ళకి రెండో స్థాయి దగ్గరే ఆగిపోయాం. అక్కడ పెద్దగా పోయింది ఏమీ లేదు, 2013 ఫైలిన్ తుఫానులో కప్పు ఎగిరిపోతే ఆస్బెస్టాస్ రేకులు వేసుకున్న భాగమది.

ఏది ముందు ఊడుతుందో అది ముందు

యజమాని చెప్పిన పదకొండు రోజులు జేసీబీ వచ్చేదాకా. కలప తీసుకునేవాళ్ళు మూడో రోజే వస్తారన్నది ఆయన చెప్పలేదు, అడగాలని నాకూ తట్టలేదు. ఈ తీరంలో పాత ఇల్లు పడగొట్టేటప్పుడు వరస ఎప్పుడూ ఒకటే. ముందు గుమ్మాలు, తలుపులు, కిటికీలు. బర్మా టేకుకి వెంటనే బేరం కుదురుతుంది. తర్వాత పెంకులు, దూలాలు, ఇనుము. ఎవరికీ అక్కర్లేని గోడలు చివర్లో. మేము చేసే వరస సరిగ్గా దీనికి తలకిందులు: ముందు గోడల ప్లాను, తీరిగ్గా చివర్లో తలుపుల వివరాలు. కాలేజీలో అలాగే నేర్పారు.

మూడో రోజు సాయంత్రం టీ తాగి వచ్చేసరికి ఆరు గుమ్మాలు లారీలో ఉన్నాయి. వాటి కొలతలు మా దగ్గర లేవు. అదృష్టం ఏమిటంటే ముందురోజే ప్రతి గుమ్మం మీదా సుద్దముక్కతో నంబరు వేశాం. అదృష్టం కాస్తంతే, ఎందుకంటే అది సుద్ద. మర్నాడు బరంపురంలో కలప అడితికి పోయి చూస్తే నాలుగింటి మీద నంబర్లు కనబడుతున్నాయి. రెండింటి మీద తాళ్ళ రాపిడికి చెరిగిపోయాయి. అడితి యజమాని మంచివాడు, రెండు గంటలు కొలుచుకోనిచ్చాడు. ఆరు గుమ్మాలూ 1:5 స్కేలులో గీశాం గానీ, ఆ రెండూ ఏ గదివో ఖాయంగా చెప్పలేక డ్రాయింగులో "స్థానం ఊహ" అని రాయాల్సి వచ్చింది. ఇప్పుడు నా సంచిలో నూనె రంగు డబ్బా, చిన్న బ్రష్ ఉంటాయి. నంబరు గుమ్మం వెనక, గోడలో దాగే వైపు కూడా వేస్తాను.

కలప పోయాక మిగతావి కుదురుగానే సాగాయి. నీటి గొట్టంతో వసారా నేల నుంచి మీటరు ఎత్తులో కట్టడం చుట్టూ ఒక మట్టం గీత గీశాం. నిలువు కొలతలన్నీ ఆ గీత నుంచే పైకీ కిందికీ. పాత కట్టడంలో నేల ఎక్కడా సమంగా ఉండదు. ఇక్కడ ఒక మూలకీ ఇంకో మూలకీ తొమ్మిది సెంటీమీటర్ల తేడా. నేల నుంచి కొలుచుకుంటూ పోతే ఆ తప్పు కప్పుదాకా ఎక్కుతుంది. గదులకి నాలుగు పక్కలతో పాటు రెండు కర్ణాలూ తీశాం. కర్ణం లేకుండా గీసిన గది కాగితం మీద ఎప్పుడూ చక్కని దీర్ఘచతురస్రమే అవుతుంది, నిజంలో కాదు. కొలతలు ఒక చివర నుంచి వరసగా చదువుకుంటూ పోవాలి: 0, 0.62, 1.71, 2.80 అలా. ముక్కముక్కగా కొలిచి కలిపితే ప్రతి ముక్కలో ఉన్న చిన్న తప్పు పోగవుతుంది.

సముద్రపు ఒడ్డున ఇంకో సంగతి ఉంది. లేజర్ మీటరు ఎర్ర చుక్క ఎండలో కనబడదు, బయటి గోడలకి టేపే గతి. పొద్దెక్కాక గాలి లేస్తే పొడుగ్గా లాగిన టేపు విల్లులా ఉబ్బుతుంది. పొడుగు కొలతలు తెల్లవారి ఆరు నుంచి ఏడున్నరలోపు ముగించుకోవాలని మొదటి రోజు మధ్యాహ్నం తెలిసింది. అప్పటికే ఒక పక్క కొలిచేశాం.

ఫొటోగ్రామెట్రీ, అంటే ఒకదాని మీద ఒకటి డెబ్బై ఎనభై శాతం కలిసేలా ఫొటోలు తీసి కంప్యూటర్లో త్రీడీ బొమ్మ కట్టడం, బయటి గోడలకి బాగా కుదిరింది. పడమటి గోడని మింగేసిన మొగలి పొదని కొట్టడానికే సగం రోజు పోయింది. గంజాం మొగలి అత్తరుకి పేరున్న జిల్లా కదా, ముళ్ళకి కూడా అంతే పేరుండాలి. లోపల మాత్రం దెబ్బతింది. సున్నం వేసిన తెల్లగోడ మీద కంప్యూటరుకి పట్టుకోవడానికి ఒక్క మచ్చా లేదు, బొమ్మ ముక్కలుముక్కలుగా వచ్చింది. ఫొటోల కుర్రాడు పాత ఒరియా పేపరు చింపి, ముక్కలు మైదా జిగురుతో గోడంతా అంటించి మళ్ళీ తీశాడు. ఈసారి వచ్చింది. ఆ గది త్రీడీ మోడల్ తెరిస్తే గోడల నిండా సినిమా ప్రకటనలు కనిపిస్తాయి.

పెంకు మీది 1865

"1865లో కట్టారండి. పెంకు మీదే రాసుంది చూడండి" అని పెద్దన్న మొదటి రోజే ఒక పెంకు తెచ్చి చూపించాడు. నిజమే, వసారా మీది మంగుళూరు పెంకులో అచ్చుగా 1865 ఉంది. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్ళు మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరమది. అచ్చులో ఆ అంకె ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయింది. పెంకు అంతకుముందుది కాదని తప్ప దాని వల్ల ఇంకేం తెలియదు. ఆ మాట చెప్పేసరికి ఆయన మొహం చిన్నబోయింది. నాకు బాధేసింది గానీ, రికార్డులో 1865 రాసేస్తే ఇంకో పదేళ్ళకి అది చరిత్ర అయి కూర్చుంటుంది.

కట్టడం తన వయసు తాను చెప్పే చోట్లు వేరే ఉన్నాయి. మొదటి రెండు గదుల కప్పు మద్రాసు టెర్రస్: టేకు దూలాల మీద ఇటుకలు అంచు మీద నిలబెట్టి, ఐమూలగా పేర్చి, పైన సున్నం కాంక్రీటు. తర్వాతి రెండు గదులకి ఇనుప దూలాలు. తుప్పు గీకితే ఒకదాని మీద "డోర్మన్ లాంగ్, మిడిల్స్‌బ్రో" అని ఉబ్బెత్తు అక్షరాలు తేలాయి. ఆ కంపెనీ 1875లో పుట్టింది. కాబట్టి ఆ కప్పు 1875 తర్వాతిది. మొదటి రెండు గదుల సున్నంలో గవ్వల పెంకుల తునకలు కంటికే కనబడుతున్నాయి, అంటే గుల్ల సున్నం. తర్వాతి రెండింటిలో అవి లేవు, ఉప్పు మాత్రం బాగా ఉంది.

ఇన్ని తేడాలు రెండో రోజే మా నోటుబుక్‌లో ఉన్నాయి. కప్పు వేరు, సున్నం వేరు. అయినా అది ఒకే బంగళా అనుకుంటూనే గీశాం. ఎందుకంటే మొదటి స్కెచ్ మీద నేనే గదులకి పేర్లు పెట్టాను: ఆఫీసు గది, హాలు, పడకగది, ఇంకో పడకగది. పేరు పెట్టగానే కన్ను అక్కడే ఆగిపోతుంది. పడకగది గోడలో బస్తాల దారి ఎవరు వెతుకుతారు?

80 ఎక్కడ?

నాలుగో రోజు రాత్రి లాడ్జి గదిలో ప్లాను గీస్తుంటే లెక్క కలవలేదు. పొడుగు గోడ బయటి కొలత 19.46 మీటర్లు. లోపల నాలుగు గదుల పొడుగులూ, గోడల మందాలూ కలిపితే 18.66. తేడా 80 సెంటీమీటర్లు. రాత్రి పదకొండయింది, గుమ్మాలు పోయిన చిరాకు ఇంకా తగ్గలేదు. "టేపు గాలికి ఉబ్బి ఉంటుంది, గదికి కాస్త సర్దేయండి" అన్నాను.

ఇరవై మీటర్లలో 80 సెంటీమీటర్లు గాలికి ఉబ్బవు. టేపు పట్టుకున్నవాళ్ళెవరికైనా ఆ సంగతి తెలుసు, నాకూ తెలుసు. అబ్బాయి గదికి ఇరవై చొప్పున పంచేశాడు. ప్లాను చక్కగా మూసుకుంది. అమ్మాయి ఏమీ అనలేదు గానీ, ఫీల్డ్ బుక్ అంచున పెన్సిల్‌తో చిన్నగా రాసుకుంది: "80 ఎక్కడ?"

మర్నాడు సున్నం శాంపిళ్ళ కోసం పెద్ద తాపీమేస్త్రిని తీసుకెళ్ళాం. ఆయన శాంపిలు సంగతి పక్కనపెట్టి గదుల్లో అటూఇటూ తిరిగాడు, చేతివేళ్ళ కణుపులతో గోడల్ని తడుతూ. రెండో గదికీ మూడో గదికీ మధ్య గోడ దగ్గర ఆగిపోయాడు. తట్టాడు, జరిగాడు, మళ్ళీ తట్టాడు. "బాబూ, ఇది ఒక గోడ కాదు. డొల్ల కొడతంది. రెండు గోడలున్నాయి ఇందులో."

అమ్మాయి ఫీల్డ్ బుక్ తెరిచి నా ముందు పెట్టింది. మాట్లాడలేదు.

జరిగిందిది. మిగతా గోడలకి గుమ్మాలున్నాయి, గుమ్మం దగ్గర మందం నేరుగా కొలవొచ్చు. అన్నీ 45 సెంటీమీటర్లు వచ్చాయి. రెండో గదికీ మూడో గదికీ మధ్య గుమ్మం లేదు, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వసారా మీదుగా పోవాలి. ఆ గోడ మందం మేము కొలవలేదు, 45 అని రాసేసుకున్నాం. ఇలాంటి గోడకి మందం చుట్టూ తిరిగి లెక్కగట్టాలి: వసారాలో రెండో గది గుమ్మం అంచు నుంచి మూడో గది గుమ్మం అంచుదాకా కొలిచి, లోపల రెండు వైపులా గుమ్మం అంచు నుంచి ఆ గోడదాకా ఉన్నది తీసేయాలి. అలా చేస్తే 121 వచ్చింది. 45 కి 76 ఎక్కువ. 80 లో 76 దొరికింది.

అప్పుడు గుర్తొచ్చింది తాత మాట. సందు చివర జాలరిపేటలో ఉండే పెద్దాయన రెండో రోజు వచ్చి వసారా అరుగు మీద కూర్చున్నాడు. ఇక్కడ వలలు లాగేవాళ్ళంతా తెలుగే మాట్లాడతారు, ఒరియావాళ్ళు వాళ్ళని నోలియాలంటారు. తాత వాళ్ళ నాన్న స్టీమర్ల కాలంలో మసూలా పడవ మీద పనిచేశాడు. స్టీమరు ఒడ్డుకి రాలేదు, దూరంగా లంగరు వేసుకునేది. మనుషుల్నీ మూటల్నీ అలలు దాటించి చేర్చడం మసూలా పడవల పని. వాటికి మేకులుండవు, పలకల్ని కొబ్బరితాడుతో కుడతారు. మేకులు కొట్టిన పడవ అల మీంచి ఇసుకలో పడితే బద్దలవుతుంది, కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది. ఇవన్నీ చెప్పాక తాత చేత్తో మూడో గది వైపు చూపించి, "ఇది అప్పుడు నేదు బావు. మా అయ్య సముద్రం కాడ్నించి మూటెత్తుకుని ఇటే తిన్నగా లోపలికొచ్చీవోడంట" అన్నాడు.

"ఇటంటే వసారాలోంచా తాతా?"

"వసారా ఏటి బావు, తిన్నగానే."

దాన్ని ఫోన్లో రికార్డు చేశాం, రాసుకున్నాం, "నోటి మాటలు" అని ఒక ఫైల్లో పెట్టాం. కొలతల ఫైలు వేరు. రెండూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

ఇంకోటీ ఉంది. యజమానుల ఇంట్లో ఒక పాత క్రయపత్రం దొరికింది, మద్రాసు ప్రెసిడెన్సీ నాటిది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసులోనే ఉండేది. పత్రం తెలుగులో ఉంది. ఆ ఇంట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడుకుంటారు, చదువులు మాత్రం ఒరియా మీడియం. ముగ్గురన్నదమ్ములకీ తెలుగు లిపి రాదు. నేను చదివి వినిపిస్తే చుట్టూ కూర్చుని విన్నారు. హద్దుల దగ్గర "తూర్పు: సముద్రపు ఇసుక" అనీ, ఆస్తి వివరంలో "తూర్పు మొగము గల కొట్టు" అనీ ఉంది. మేము కొలిచిన కట్టడానికి తూర్పున రెండు కిటికీలే ఉన్నాయి, వాకిలి లేదు.

ఇసుక

కాంట్రాక్టరుతో బేరం కష్టమైంది. జేసీబీ గంటల లెక్కన వస్తుంది, ఆలస్యమైతే ఎవరిస్తారు అన్నాడు. అతనిదీ న్యాయమే. చివరికి నలుగురు కూలీల రోజు కూలి నేనే ఇచ్చేట్టు, జేసీబీ వచ్చే ముందురోజు వాళ్ళు మూడో గది వైపు గోడని చేత్తో విప్పేట్టు కుదిరింది. మధ్యాహ్నం రెండు దాకా టైము. ఆ రోజే ఈ మొత్తం పనికి ప్రాణం.

పైనుంచి నాలుగు వరసలు తీసేసరికి లోపలి సందులోంచి ఇసుక కారడం మొదలైంది. సన్నటి ఒడ్డు ఇసుక, గడియారంలోంచి జారినట్టు కాదు, గోనెసంచి చిరిగినట్టు. కూలీలు పక్కకి తప్పుకున్నారు. అది ఆగాక చూస్తే ఇవతలి గోడ 45, మధ్యలో సందు 31, అవతలి గోడ 45. అవతలి గోడకి మావైపున్న మొహం లోపలి గోడ మొహం కాదు. వానకీ గాలికీ గారా గరుకెక్కి, అడుగున మీటరు ఎత్తుదాకా ఇసుక కొట్టి గుంటలు పడి ఉంది. ఒకప్పుడు సముద్రాన్ని చూసిన బయటి గోడ. దాని మధ్యలో, వేరే రంగు ఇటుకతో పూడ్చిన కమాను. వెడల్పు 2.74 మీటర్లు, మేస్త్రి లెక్కలో తొమ్మిది అడుగులు.

కమాను కుడి అంచు 1.2 మీటర్ల నుంచి 1.5 మీటర్ల ఎత్తు మధ్య నున్నగా గుండ్రంగా అరిగిపోయింది. కిందా పైనా ఇటుక అంచులు పదునుగానే ఉన్నాయి. భుజం మీద మూటతో లోపలికి తిరిగే మనిషికి గోడ తగిలే ఎత్తు అదే. అబ్బాయి ఒక సిమెంటు బస్తా భుజానికెత్తుకుని నడిచి చూశాడు, సరిగ్గా అక్కడే తగిలింది. ఎడమ అంచున గారా మీద మేకుతో గీసిన గీతలు: నాలుగు నిలువు, వాటి మీదుగా ఒక అడ్డం. అలాంటి కట్టలు పదిహేడు, చివర్లో విడిగా మూడు. మొత్తం 88. లెక్క పెట్టిన మనిషి ఎడమచేతి వైపు నిలబడి, కుడివైపు నుంచి లోపలికి పోయే మూటల్ని చూస్తూ గీసి ఉంటాడు.

మూడు గంటల్లో చేసింది చెప్పాలంటే: గోడ మీద నాలుగు మూలలా గుర్తులు అంటించి, వాటి మధ్య దూరాలు కొలిచి, కెమెరా గోడకి సూటిగా పెట్టి ఫొటోలు, తర్వాత వాలు వెలుతురులో మళ్ళీ. గీతల్ని నమ్మకంగా పట్టుకునేది ఫొటో కాదని నా అనుభవం. గారా పగులూ మేకు గీతా ఫొటోలో ఒకేలా కనబడతాయి. పల్చటి ప్లాస్టిక్ షీటు గోడకి అదిమి, కన్ను దగ్గర పెట్టి, మేకు గీతల్ని నల్ల మార్కరుతో, పగుళ్ళని ఎర్ర మార్కరుతో దిద్దాం. కమానుని 1:10 లో చేత్తోనే గీశాం. సున్నం పొరలు కూడా అక్కడే చూశాం: ఉప్పుకాగితంతో చిన్న వలయంగా రుద్దుతూ పోతే చెట్టు మొద్దులో వలయాల్లా పొరలు తేలతాయి. లోపలి గదుల్లో పద్నాలుగు తెలుపులు, రెండు నీలాలు, అడుగున జాజు పట్టీ. ఈ పాత బయటి మొహం మీద మూడే తెలుపులు. బయట ఎక్కువ కాలం ఉండకుండానే దాని ముందు ఇంకో గోడ లేచింది.

ఇప్పుడు వరస తేలింది. ముందు రెండు గదుల కొట్టు, సముద్రం వైపు తొమ్మిదడుగుల కమాను, గుల్ల సున్నం, టేకు కప్పు. తర్వాత, 1875 దాటాక, కమాను పూడ్చి, ముందు సొంత గోడతో ఇంకో రెండు గదులూ వసారాలూ కట్టి బంగళా చేశారు. కొత్త గోడని పాతదానికి ఆనించకుండా సందు వదిలి ఇసుకతో నింపడం తెలిసినవాడి పనే. వేర్వేరు కాలాల పునాదులు వేర్వేరుగా కుంగుతాయి, కలిపి కడితే పగుళ్ళే. మా మేస్త్రి దాన్ని చూసి తల ఊపాడు. ఇంత సేపట్లో ఆయన మెచ్చుకున్నది అదొక్కటే.

రెండున్నరకి కాంట్రాక్టరు గడియారం చూపించాడు.

ఏం మిగిలింది

డ్రాయింగులు 22 షీట్లు. 1:50 ప్లాన్లు, రెండు నిలువు కోతలు, నాలుగు మొహాలు, మిగతావి వివరాలు. గదుల పేర్లన్నీ తీసేసి 1, 2, 3, 4 అని నంబర్లు పెట్టాం. ఏ గది దేనికన్న మా ఊహ రిపోర్టులో ఉంది, డ్రాయింగులో లేదు. రాతలు తెలుగు, ఒరియా, ఇంగ్లీషు మూడింటిలోనూ. తాత మాటల రికార్డింగుకి ఏ షీటులో ఏ చోటు గురించో నంబరు జతచేశాం. ఫొటోలు మూడు కాపీలు, మూడు చోట్ల, ఒకటి మాత్రం తీరానికి దూరంగా. ఇటుకలు పన్నెండు, సున్నం ముక్కలు, పెంకులు రెండు, దూలం ముక్క ఒకటి మా ఆఫీసు మెట్ల కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఎక్కడైనా భద్రమైన చోటు దొరికేదాకా మా ఆవిడ ఓర్పే వాటికి రక్ష. యజమానులు ఒక సెట్టు అడిగారు. వాళ్ళ క్రయపత్రాన్ని ఒరియా లిపిలోకి ఎత్తి రాసి దానితో పాటు ఇచ్చాను. పెద్దన్న పెంకు తీసుకెళ్ళాడు, 1865 పైకి కనబడేలా పట్టుకుని.

80 లో 76 లెక్క తేలింది, 4 తేలలేదు. 1:50 లో అది 0.8 మిల్లీమీటర్లు, పెన్సిల్ గీత మందం కంటే ఎక్కువ. మొదటి రోజు మధ్యాహ్నం గాలిలో కొలిచిన పక్క అదే కాబట్టి టేపు ఉబ్బే అయ్యుంటుంది. మళ్ళీ కొలుద్దామంటే పన్నెండో రోజు పొద్దున్నే జేసీబీ మొదలుపెట్టింది, పొడుగు గోడ టిఫిను టైముకే లేదు. షీటు 3 కుడివైపు కింద మూలలో అమ్మాయే రాసింది: "బయటి కొలత 19.46, లోపలి కూడిక 19.42. తేడా 4 సెం.మీ. సర్దలేదు."